కాగితపు కొలాజ్

కాగితపు కొలాజ్ అనగా కాగితపు ముక్కలను కత్తిరించి లేదా చించి, అట్టపై అంటించి చిత్రాన్ని రూపొందించే కళ. అంటించుట అనే అర్థం గల ఫ్రెంచి పదం నుండి ఈ పేరు వచ్చినది.

చరిత్ర

1912లో పాబ్లో పికాసో, జార్జ్ బ్రాక్ తమ చిత్రాలలో గోడకాగితం వంటివాటిని అతికించడంతో ఆధునిక చిత్రకళలో కొలాజ్‌కు స్థానం లభించినది. శాంతినికేతన్ చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ 1950వ దశకంలో చూపు కోల్పోయిన తరువాత రంగుకాగితాలతో కొలాజ్‌లు చేశాడు. ఆయనపై సత్యజిత్ రే 1972లో "ది ఇన్నర్ ఐ" అనే లఘుచిత్రం తీశాడు.

తయారీ

ముక్కలను మొదట అంటించకుండా పేర్చి చూసుకోవాలి. దూరపు వస్తువులను ముందుగా, దగ్గరివాటిని తరువాత అంటించాలి. ఉదాహరణకు కొల్లేరు సరస్సు దృశ్యంలో తొలుత ఆకాశం, తరువాత నీరు, గుర్రపుడెక్క, చివరగా గూడబాతులు వస్తాయి.

మన్నిక

వార్తాపత్రికల కాగితంలోని లిగ్నిన్ వలన అది వెలుతురుకు త్వరగా పసుపుబారుతుంది. కావున ఆమ్లరహిత కాగితం శ్రేష్ఠం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలలో వర్షాకాలపు తేమకు కాగితం బూజు పట్టవచ్చును. మైదా జిగురుకు పురుగులు చేరతాయి. చిత్రం అద్దానికి తగలకుండా ఫ్రేము కట్టించాలి.

పోటీ ప్రదర్శనలు

ఈ ప్రదర్శనలకు వచ్చిన చిత్రాలను న్యాయనిర్ణేతలు ఎంపిక చేస్తారు. 1954లో ఏర్పడిన కేంద్ర లలిత కళా అకాడమీ నిర్వహించే జాతీయ కళా ప్రదర్శన ఇటువంటిదే. చాలా పోటీలలో మొదట చిత్రాల ఫోటోలను పరిశీలించి, ఎంపికైనవాటినే తెప్పించుకుంటారు.

చిత్రం కళాకారుని స్వంత కృతి అయి ఉండాలనేది సాధారణ నిబంధన. పత్రికలలోని ఇతరుల ఛాయాచిత్రాలను గుర్తుపట్టగలిగేటట్లు వాడితే చిత్రం తిరస్కరణకు గురికావచ్చును; 1957 నాటి కాపీహక్కుల చట్టం ప్రకారం వివాదమూ రావచ్చును. తానే రంగువేసిన కాగితాలను వాడుకుంటే ఈ చిక్కు ఉండదు.