బాయ్‌కాట్: ఎవరు ఎవరిని వెలేశారు?

మొన్న ఒక హాస్టల్లో మాట్లాడుతుంటే ఓ తమ్ముడు అడిగాడు: "అన్నా, మనం బాయ్‌కాట్ చేస్తే ఉద్యమం అంటాం. మనల్ని బాయ్‌కాట్ చేస్తే నేరం అంటాం. మాట ఒకటే కదా?"

ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

బాయ్‌కాట్ ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లాండ్‌లోని మాయో ప్రాంతంలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. 1880లో కౌలు తగ్గించమన్న రైతులను భూముల నుంచి వెళ్లగొట్టబోయాడు. ల్యాండ్ లీగ్ పిలుపుతో ఊరంతా అతనితో మాట మానేసింది. కూలీలు పొలంలోకి దిగలేదు. కొట్లవాళ్లు సరుకు అమ్మలేదు. పంట కోయడానికి బయటినుంచి 50 మందిని తెస్తే, వాళ్ల కాపలాకు వందల మంది సైనికులు, పోలీసులు దిగారు. ఆ ఏడాది చివరికి అతను ఐర్లాండ్ విడిచిపోయాడు. పేరు మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

అయితే ఆ ఉద్యమ నాయకుడు పార్నెల్ తన ప్రసంగంలో ఏ పోలిక తెచ్చాడో తెలుసా? పూర్వం కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు పెట్టమన్నాడు. పేదల ఆయుధానికి కూడా అంటరానితనం నుంచే పోలిక దొరికింది!

మనకు ఆ పోలిక అక్కర్లేదు. మన దగ్గర 'వెలి' ముందునుంచీ ఉంది. వెలి అంటే బయట. ఊరికి బయట పెట్టిన వాడ వెలివాడ. తప్పు చేసినవాణ్ని కొన్నాళ్లు వెలేస్తారు. మనల్ని పుట్టుకతోనే వెలేశారు. అంబేద్కర్ ఆ మాటను దాచలేదు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు, 1927లో 'బహిష్కృత భారత్' పత్రిక తెచ్చారు. అవమానపు మాటనే ఫిర్యాదుపత్రంగా మార్చారు.

1991లో చుండూరులో హత్యాకాండకు ముందు జరిగింది సాంఘిక బహిష్కరణే. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు దళితులకు కూలి పనులు, కౌలు భూములు ఆపేశారు. అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ ఇలాంటి బహిష్కరణను నేరంగా పేర్కొంది.

తమ్ముడూ, ఇప్పుడు తేడా చూడు. మాయోలో భూమి చేతిలో ఉన్నవాడికి కూలీలు తమ శ్రమ ఆపారు. అతను పెట్టె సర్దుకుని వెళ్లిపోగలిగాడు. గరగపర్రులో శ్రమ తప్ప ఏమీ లేనివాళ్లకు పని ఆపారు. వాళ్లు ఎక్కడికి పోవాలి?

ఈసారి ఎవరైనా "మాట ఒకటే కదా" అంటే, భూమి ఎవరిదని అడుగు.

జై భీమ్.