ఐదు చుక్కల లెక్క

పసిబిడ్డకు వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటే పళ్లొస్తున్నాయనో, దిష్టి తగిలిందనో, పాలు పడలేదనో అనుకోవడం మన ఇళ్లల్లో పాత అలవాటు. మాడు గుంటపడి, ఏడ్చినా కన్నీళ్లు రాని దశకొస్తే గానీ చాలామందికి ఆస్పత్రి గుర్తొచ్చేది కాదు. చదువుకున్నవాళ్లు ఆ నేరాన్ని నీళ్ల మీదికి తోశారు. కడప జిల్లా లింగాల లాంటి చోట ఆ మాట నమ్మబుద్ధవుతుంది కూడా. చీనీ, అరటి తోటల కోసం బోర్లు లోతుకు, ఇంకా లోతుకు పోయిన నేల అది. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు ఉన్నా నీటి చింత తీరని నేల. కానీ ఈ విరేచనాల వెనక తరచూ ఉండే రోటా వైరస్ కేసులో నీళ్లు అసలు ముద్దాయి కాదు. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పిల్లల పేగు పొరల్లో గుర్తించిన ఈ వైరస్ చేతుల మీదుగా, బొమ్మల మీదుగా పాకిపోతుంది. కొళాయి నీళ్లకు కొదవలేని అమెరికాలోనూ టీకా రాకముందు ఐదేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ సోకేది. అక్కడి బిడ్డకు వేళకు సెలైన్ అందేది, ఇక్కడ చాలామందికి అందేది కాదు. టీకాకు ముందు మన దేశంలో ఏటా సుమారు 78,000 మంది పసివాళ్లు దీనికి బలయ్యారని అంచనా.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980లలో కొందరు నవజాత శిశువుల్లో వైరస్ ఉండీ జబ్బు కనిపించకపోవడాన్ని డాక్టర్ ఎం.కె. భాన్ పట్టించుకున్నారు. అలా దొరికిన 116ఇ రకాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్ ‘రోటావ్యాక్’గా మలిచింది. 2016 మార్చిలో ప్రభుత్వ టీకాల్లో దాన్ని మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశమంతా చేరడానికి 2019 దాకా పట్టింది. ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు ఏఎన్ఎం బిడ్డ బుగ్గలు నొక్కి నోట్లో వేసే ఐదేసి చుక్కలు లింగాల పల్లెలకు తొలి విడతలోనే దక్కాయన్నమాట.

రాని జబ్బును ఏ రిజిస్టరూ రాయదు గనక, ఫలితాన్ని పరోక్షంగానే లెక్కకట్టాలి. తొమ్మిది రాష్ట్రాల్లో 31 ఆస్పత్రుల్లో 2016 నుంచి 2020 దాకా చూస్తే, విరేచనాలతో చేరిన పిల్లల్లో రోటా వాటా దాదాపు 40 శాతం నుంచి 20కి దిగింది. మరుగుదొడ్లు, మంచినీళ్లే దీనికి కారణమని వాదించేవారున్నారు. అదే నిజమైతే అన్ని రకాల విరేచనాలూ కలిసి తగ్గాలి, రోటా వాటా ఇంతగా మారకూడదు. మిగతా 60 కేసులు కదల్లేదనుకుంటే, 40 కాస్తా 15కి పడితేనే వాటా 20 శాతమవుతుంది! ఆ ఆస్పత్రుల లెక్కలోనే 54 శాతమే పనిచేసినట్టు తేలిన టీకా ఏం టీకా అని మరో పెదవి విరుపు. 6,799 మంది పసివాళ్ల మీద జరిగిన ప్రయోగంలో మొదటి ఏడాది తేలింది కూడా 56 శాతమే. ఎండలు, ఐస్ బాక్సులు, తప్పిన తేదీల మధ్య పల్లెల్లోనూ ఆ ఫలితం దాదాపు నిలబడింది. నాకైతే ఇదే పెద్ద విశేషం. పేగు ముడిపడుతుందన్న భయానికి మాత్రం ఆధారముంది. అమెరికాలో ‘రోటాషీల్డ్’ను 1999లో ఆపేసింది అందుకే. ఇక్కడ టీకా మొదలయ్యాక ఆస్పత్రుల్లో పేగు ముడి కేసుల్ని ప్రత్యేకంగా వెతికి చూశారు. చుక్కలు వేసిన వారాలకూ ఆ ముడికీ లంకె కనబడలేదు.