దొడ్లో షీప్, కంచంలో మటన్

హైదరాబాదులో బిర్యానీ తినేవాళ్లకు ‘మటన్’ అన్న మాటను ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మనకది ఇంగ్లీషు మాటగానే తెలుసు. దాని పుట్టిల్లు మాత్రం ఫ్రాన్సు. అక్కడ ‘మూతోఁ’ అంటే గొర్రె. మందలో మేసేదానికీ గిన్నెలో ఉడికేదానికీ అదే పేరు. సముద్రం దాటి ఇంగ్లండు చేరాక ఆ మాట చివరికి మాంసానికే పరిమితమైంది. మేసే గొర్రెకు ‘షీప్’ అన్న పాత ఇంగ్లీషు పేరే నిలిచింది. ‘కౌ–బీఫ్’, ‘పిగ్–పోర్క్’ జంటలదీ ఇదే కథ.

బళ్లో పర్యాయపదాలని మనం బట్టీపట్టిన ఇంగ్లీషు జంటలు చాలావరకు ఇలా వేర్వేరు దారుల్లో వచ్చి ఒకచోట కలిసినవే. వాటి అర్థాల్లో తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ఇంగ్లండు చరిత్రలోకి వెళ్లాలి.

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర జరిగిన యుద్ధంలో ఇంగ్లండు రాజు హెరాల్డ్ చనిపోయాడు. గెలిచిన విలియం ఫ్రాన్సులోని నార్మండీకి డ్యూక్. ఆ క్రిస్మస్ నాడే ఇంగ్లండు కిరీటం పెట్టుకున్నాడు. అతనితో వచ్చినవాళ్లే నార్మన్లు. ఇరవై ఏళ్ల తర్వాత, 1086లో, ఊరూరా భూముల లెక్క తీయించాడు. ‘డూమ్స్‌డే బుక్’ అని పేరుపడిన ఆ లెక్క చూస్తే పెద్ద భూస్వాముల్లో ఇంగ్లీషువాళ్లు దాదాపు కనిపించరు. భూమి చేతులు మారింది. దానితోపాటు అధికార భాషా మారింది. కోటలో ఫ్రెంచి, చర్చిలో లాటిన్, పొలంలో ఇంగ్లీషు.

పశువులను మేపినవాడి మాట ఒకటి, మాంసం తిన్నవాడి మాట ఒకటి అన్న సంగతిని జాన్ వాలిస్ అనే గణితవేత్త 1653లోనే తన ఇంగ్లీషు వ్యాకరణంలో ప్రస్తావించాడు. 1819 చివర వచ్చిన ‘ఐవన్‌హో’ నవలలో వాల్టర్ స్కాట్ దాన్ని ఒక విదూషకుడి నోట పలికించాడు. అప్పటినుంచి లోకమంతా ఆ కథే చెప్పుకుంటోంది. కథ బాగుంది కానీ పూర్తి నిజం కాదు. నార్మన్లు వచ్చిన తర్వాత చాలా వందల ఏళ్లపాటు బతికున్న ఎద్దునూ ‘బీఫ్’ అన్నారు, బతికున్న గొర్రెనూ ‘మటన్’ అన్నారు. నార్మన్లు ఒక వస్తువుకు రెండు పేర్లు మిగిల్చి వెళ్లారు. ఆ రెండింటికీ పని పంచిపెట్టింది మాత్రం తరతరాల వాడుకే.

ఈ పంపకంలో పాత మాటలు ఎంత నష్టపోయాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పాత ఇంగ్లీషులో ‘డేఓర్’ అంటే ఏ జంతువైనా సరే. జర్మన్ భాషలో దాని తోబుట్టువు ‘టీర్’కు ఇప్పటికీ జంతువనే అర్థం. ఫ్రెంచి నుంచి ‘బీస్ట్’, తర్వాత లాటిన్ నుంచి ‘యానిమల్’ వచ్చేసరికి పాత మాట ‘డియర్’గా మారి జింక దగ్గర ఆగిపోయింది. ‘స్టూల్’ ఒకప్పుడు ఏ ఆసనానికైనా పేరే, రాజు కూర్చునే సింహాసనానికి కూడా. ఫ్రెంచి ‘చెయిర్’ వచ్చాక దానికి వీపు ఆనించుకునే ఆధారం లేని చిన్న పీటే మిగిలింది. కొత్త యజమాని దిగితే పాత కాపురం వెనక గదికి సర్దుకున్నట్టు సర్దుకున్నాయి ఈ మాటలు.

నార్మన్ల కంటే ముందు వచ్చిన వైకింగులూ ఇలాంటి గుర్తులే వదిలారు. ‘స్టార్వ్’ అంటే మొదట చనిపోవడం. ఆ పని వైకింగులు మాట్లాడిన నార్స్ భాషల వైపు నుంచి వచ్చిన ‘డై’ తీసుకుంది. ‘స్టార్వ్’కు ఆకలిచావు మిగిలింది. ‘షర్ట్’, ‘స్కర్ట్’ ఒకే మూలం నుంచి పుట్టినవి. మొదటిది ఇంగ్లీషువాళ్లది, రెండోది వైకింగులది.

ఇక మన దుకాణాల్లో రోజూ వినిపించే జంట ఒకటుంది. ఫ్యాను కొన్నా ఫోను కొన్నా ‘వారంటీయా, గ్యారంటీయా?’ అని అడుగుతాం. రెండింటి మూలం ఒక్కటే. ప్యారిస్ ఫ్రెంచిలో ‘గ’ పలికే చోట నార్మన్లు ‘వ’ పలికేవారు. ‘వార్డెన్’, ‘గార్డియన్’ జంట అలా వచ్చిందే. ‘వారంటీ’ నార్మన్ల నోటి నుంచి ఇంగ్లీషులో చేరితే, ‘గ్యారంటీ’ చాలా ఆలస్యంగా, 17వ శతాబ్దంలో వచ్చింది. పాడైతే మార్చి ఇచ్చేది గ్యారంటీ, బాగుచేసి ఇచ్చేది వారంటీ అని మన బజారు తేల్చుకుంది. చట్టం లెక్క వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టుల చట్టంలో గ్యారంటీ అంటే జామీను. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే తాను కడతానని మూడోమనిషి ఇచ్చే మాట. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టంలో వారంటీ అంటే అమ్మకానికి అనుబంధంగా ఉండే హామీ. అది తప్పితే కొన్నవాడు నష్టపరిహారం అడగొచ్చు కానీ, ఆ ఒక్క కారణంతో సరుకును తిరగ్గొట్టలేడు. స్నేహితుడి అప్పుకు సంతకం పెట్టేవాళ్లు ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంగ్లండు కోర్టుల్లో ఫ్రెంచి పట్టు అంత సులువుగా వదల్లేదు. తమ మీద ఏం వాదిస్తున్నారో జనానికి అర్థం కావడం లేదని, వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసిందే ఫ్రెంచిలో! కోర్టు రికార్డులు శాశ్వతంగా ఇంగ్లీషులోకి మారింది 1733లో. దస్తావేజుల్లో ‘విల్ అండ్ టెస్టమెంట్’, ‘ఫిట్ అండ్ ప్రాపర్’ లాంటి జంటలు ఆ భాషలు కలిసి కాపురం చేసిన కాలాన్ని గుర్తుచేస్తాయి.

ఇలాంటి పర్యాయపదాల మధ్య తేడాలను పుస్తకంగా పెట్టాలన్న ఆలోచన 18వ శతాబ్దంలో బలపడింది. 1794లో హెస్టర్ పియోజీ అనే రచయిత్రి ‘బ్రిటిష్ సినానిమీ’ని ఇంగ్లీషు నేర్చుకునే పరదేశులను దృష్టిలో పెట్టుకుని రాసింది. 1816లో జార్జ్ క్రాబ్ మరింత పెద్ద గ్రంథం తెచ్చాడు. పీటర్ రోజే అనే వైద్యుడు 1852లో అచ్చువేసిన ‘థెసారస్’ వాటన్నిటినీ వెనక్కి నెట్టింది. అందులో దగ్గరి మాటల గుంపులుంటాయి తప్ప వాటి మధ్య తేడా ఉండదు. భాష వచ్చినవాడికి అది నిధి. నేర్చుకునేవాడికి మాత్రం పియోజీ, క్రాబ్ ఎంచుకున్న దారే మేలని నా అభిప్రాయం.

ఇంగ్లీషు మాస్టార్లకు ఒక విన్నపం. పర్యాయపదాల పట్టిక రాయించేటప్పుడు, పెద్ద నిఘంటువుల్లో అర్థంతోపాటు ఇచ్చే వ్యుత్పత్తిని కూడా పిల్లలతో చదివించండి.