పాలమూరు సంఘములలో తగవులు తీర్చుకొనిన విధము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములందలి మెన్నొనైటు బ్రదరన్ సంఘములవారు తమలో తమకు పుట్టిన తగవులను ఎట్లు తీర్చుకొనుచు వచ్చిరో నేడు మీకు విన్నవింపదలచితిని. 2016లో వేఱువేఱు జిల్లాలైన యీ మూడును అంతకుముందు పాలమూరు జిల్లాలోనివే. నిజాము కాలమున గద్వాలయు వనపర్తియు సంస్థానములు. నిజాము న్యాయస్థానములలో 1884 మొదలు ఉర్దూ భాషయే నడచెను. అక్షరము రాని కూలివాడు ఆ గడప త్రొక్కుటకు జంకెడివాడు. వాని తగవు వేపచెట్టు క్రింద, కులపెద్దల యెదుటనే తేలవలెను.

ఆ పంచాయితీ తీరు మీ రెఱుగనిది కాదు. ఉభయుల బంధువులును కూడుదురు. ఎవరి మాట వారు బిగ్గరగా చెప్పుకొందురు. కడపట పెద్దలు ఒకనిపై తప్పు వేయుదురు. ఆ సొమ్ములో కొంత కల్లుకు పోవుటయు కలదు. మాట విననివానికి నిప్పు నీళ్లు బందు. అనగా తగవు మొదటి గడియనుండియు పదిమందిలోనిదే.

ఈ నేలకు మఱియొక పద్ధతి చాల దూరమునుండి వచ్చినది. 1527లో స్విట్జర్లాండు దేశమున ష్లైట్‌హైమ్ అను ఊర కొందఱు విశ్వాసులు కూడి, తప్పు చేసిన సహోదరుని రెండుమారులు ఏకాంతముగా మందలించి, మూడవమారు సంఘము నెదుట మందలింపవలెననియు, ఇదంతయు ప్రభువు బల్లకు ముందే జరుగవలెననియు నిర్ణయించుకొనిరి. మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమే దీనికి ఆధారము. ఆ త్రోవనే నడచినవారు మెన్నొనైటులు. వారిలో పదునెనిమిదిమంది గృహస్థులు 1860లో దక్షిణ రష్యాయందు తల్లిసంఘమునుండి వేఱుపడి బ్రదరన్ సంఘమును స్థాపించిరి. క్రమశిక్షణ లేనివారితో కలిసి బల్లలో పాలుపొందమనుటయే ఆ చీలికకు ఒక కారణము! తగవులు తీర్చు సూత్రమును మనకు తెచ్చినవారు తామే ఒక తగవున పుట్టినవారు.

వారిలో అబ్రహాము ఫ్రీజెను 1889లో రష్యానుండి నల్లగొండ ప్రాంతమునకు వచ్చెను. 1899లో అమెరికానుండి హీబర్టు దంపతులు హైదరాబాదు చేరిరి. అటుపిమ్మట నాగర్‌కర్నూలు, వనపర్తి కేంద్రములు వెలసెను. 1937లో పాలమూరు, గద్వాల కేంద్రములును అమెరికను బాప్టిస్టులనుండి వీరి చేతికి వచ్చెను.

సంఘములో చేరినవారిలో పెక్కుమంది మాల మాదిగ వాడలవారు. వారికి ఈ సూత్రమున మొదటి మెట్టే మిక్కిలి కష్టమయ్యెను. గోడకు గోడ ఆనియుండు వాడలో ఏకాంత మెక్కడిది? పైగా నొచ్చినవాడే తనంత తానుగా ఎదిరి గుమ్మమునకు పోవలెనట! చూచినవారు ఓడిపోయి కాళ్లు పట్టుకొనబోయినాడనరా? పంచాయితీలో ఓడినను నలుగురిలో తనమాట చెప్పుకొన్న తృప్తి యుండును. ఇక్కడ అదియు లేదు. అందుచేత కొందఱు మొదటి రెండు మెట్లును దాటి తిన్నగా దొరగారి బంగళాకు నడచెడివారు. దొర తీర్పు వినుట సులువు. ప్రొరుగువాని మొగము చూచుట దుర్లభము.

సంఘము విధించు శిక్షలో సొమ్ము లేదు. బల్లకు దూరముగా నుంచుట, పశ్చాత్తాపపడినచో తిరిగి చేర్చుకొనుట, ఇంతమాత్రమే. అయినను కులపు వెలి నెఱిగిన జనులు దానిని వెలిగానే తలచిరి. తిరిగి చేర్చుకొనుటయే దీని ప్రాణమను సంగతి వారికి తెలియుటకు దినములు పట్టెను.

1958లో పాలక సభ యేర్పడి సంఘభారము క్రమముగా మనవారిమీదికి వచ్చెను. విదేశీయులు వెడలిపోవు నాటికి బడులు, ఆసుపత్రి, బంగళాలు, భూములు మిగిలెను. వీటినిగూర్చియు నాయకత్వమునుగూర్చియు వివాదములు పుట్టి న్యాయస్థానముల కెక్కినవి. విశ్వాసులు అన్యుల యెదుట వ్యాజ్యమాడుటను పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో గద్దించియుండగా ఇట్లేల జరిగెనని పలువురు నన్నడిగిరి. వారి భక్తి సన్నగిల్లినదని చెప్పుట తేలిక. నాకు తోచినది వేఱు. మూడవ మెట్టున తగవును సంఘమునకు తెలుపవలెను గదా. ఆ సంఘ మెవరో ఉభయులును ముందే యొప్పుకొనియుండవలెను. ఆస్తి తగవున ఇరుపక్షములవారును తామే సంఘమందురు. అప్పుడు తెలుపుట ఎవరికి? గట్టు తగవునకు, పెండ్లిమాటల తగవునకు చాలిన సూత్రము అక్కడ చేయి జాఱెను.

ఆ చిన్న తగవులు మాత్రము బల్ల ఆదివారమునకు ముందటి రాత్రి, సంఘపెద్ద లిరువురు లాంతరు పట్టుకొని ఇల్లిల్లు తిరుగగా, నడిగడ్డ పల్లెలలో తీరుట నేను చూచితిని. ఏ యింట ఏమి మాటలాడిరో మఱునాడు ఎవ్వరును అడుగలేదు.