కారణం ఎవరికి చెప్పాలి? అమెరికా ఇన్‌స్పెక్టర్ జనరళ్ల తొలగింపుపై ఒక పరిశీలన

డొనాల్డ్ ట్రంప్ రెండోసారి అధ్యక్షుడై నాలుగు రోజులు గడిచాక, 2025 జనవరి 24 శుక్రవారం రాత్రి, అమెరికా కేంద్ర ప్రభుత్వ శాఖల్లో పనిచేస్తున్న సుమారు పదిహేడు మంది ఇన్‌స్పెక్టర్ జనరళ్లకు అధ్యక్ష భవనం నుంచి రెండేసి వాక్యాల ఈమెయిళ్లు అందాయి. ప్రాధాన్యాలు మారుతున్నందున మీ సేవలు ఇక అవసరం లేదన్నది వాటి సారాంశం. రక్షణ, వ్యవసాయం, ఆరోగ్యం, విద్య, కార్మికం, విదేశాంగం వంటి పెద్ద శాఖల తనిఖీ అధిపతులు ఒక్క రాత్రిలో పదవులు కోల్పోయారు. వ్యవసాయ శాఖలో ఫిలిస్ ఫాంగ్ 2002 నుంచి, అంటే రెండు పార్టీలకు చెందిన నలుగురు అధ్యక్షుల కాలంలో, అదే పదవిలో ఉన్నారు. అప్పటి నుంచీ సాగుతున్న చర్చ అధ్యక్షుడికి ఆ అధికారం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. అసలు చూడవలసిన చోటు అది కాదని ఈ వ్యాసం వాదన. ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను కాపాడే చట్టం అధ్యక్షుడి చేతులు కట్టెయ్యలేదు, తొలగిస్తే కారణం చెప్పమంది. ఆ కారణం చెప్పవలసింది కాంగ్రెసుకు. వినవలసిన సభలు వినదలచుకోనప్పుడు ఆ నిబంధన ఉత్త కాగితమే. 2025లో బయటపడిన లోపంలో పెద్ద వాటా శాసనశాఖదే.

ఈ పదవి పుట్టుకలోనే ఆ మెలిక ఉంది. 1962లో టెక్సాస్ వ్యాపారి బిల్లీ సోల్ ఎస్టెస్ బాగోతం బయటపడింది. లేని ఎరువుల ట్యాంకులను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చాడు, పత్తి సాగు పరిమితుల కేటాయింపుల్లో అక్రమాలకు పాల్పడ్డాడు. వ్యవసాయ శాఖలో వేర్వేరు విభాగాల దగ్గర అతడి గురించిన సమాచారం ముక్కలు ముక్కలుగా ఉంది కానీ, వాటిని కలిపి చూసినవారు లేరు. ఈ వ్యవహారం తరువాత వ్యవసాయ మంత్రి ఆర్విల్ ఫ్రీమన్ తన శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయాన్ని పెట్టారు. మంత్రి ఉత్తర్వుతో వచ్చినది మంత్రి ఉత్తర్వుతోనే పోయింది; 1974లో ఎర్ల్ బట్జ్ దాన్ని రద్దు చేశారు. ఎస్టెస్ వ్యవహారాన్ని దగ్గర నుంచి విచారించిన ఉత్తర కరొలైనా ప్రతినిధి ఎల్.హెచ్. ఫౌంటెన్‌కు ఇందులో పాఠం అందింది. చట్టం పునాది లేని తనిఖీ మంత్రి దయాధర్మం మీద బతుకుతుంది. ఆయన చొరవతో 1976లో ఆరోగ్య, విద్య, సంక్షేమ శాఖకు చట్టబద్ధమైన ఇన్‌స్పెక్టర్ జనరల్ వచ్చాడు. వాటర్‌గేట్ కుంభకోణం మిగిల్చిన అపనమ్మకం ఇంకా పచ్చిగా ఉన్న ఆ రోజుల్లో, 1978 అక్టోబరు 12న, పన్నెండు కార్యాలయాలను నెలకొల్పే చట్టంపై జిమ్మీ కార్టర్ సంతకం చేశారు.

ఆ చట్టం ఒకే అధికారికి ఇద్దరు యజమానులను చూపింది. ఇన్‌స్పెక్టర్ జనరల్ కూర్చునేది శాఖ లోపల. ఆయన శాఖాధిపతి సాధారణ పర్యవేక్షణ కింద ఉంటాడు. అయితే ఆరు నెలలకోసారి ఆయన ఇచ్చే నివేదిక కాంగ్రెసుకు వెళ్తుంది, మంత్రి దానికి తన వ్యాఖ్యలు చేర్చగలడే కానీ దాన్ని దిద్దలేడు. నియామకం అధ్యక్షుడిది, ఆమోదం సెనెట్‌ది. రాజకీయ అనుబంధంతో నిమిత్తం లేకుండా నిజాయతీనీ, లెక్కలు, ఆడిట్, న్యాయం, దర్యాప్తు వంటి రంగాల్లో సామర్థ్యాన్నీ మాత్రమే చూసి ఎంపిక చేయాలని చట్టం చెబుతుంది. ఈ ఏర్పాటు అధికార విభజనకు విరుద్ధమని కార్టర్ ప్రభుత్వంలోని న్యాయశాఖే 1977లో అభ్యంతరం చెప్పింది. చివరికి కుదిరిన రాజీలో తొలగించే హక్కు అధ్యక్షుడికి ఉంది, కారణాన్ని ఉభయ సభలకూ తెలపవలసిన బాధ్యత కూడా ఉంది. ఆ కారణం ఎంత బరువైనది కావాలో, అది నచ్చకపోతే సభలు ఏం చేయాలో చట్టం చెప్పలేదు. వివేకం ఉన్న సభలు ఆ మాత్రం చూసుకుంటాయని అప్పటివారు నమ్మినట్టుంది.

ఆ నమ్మకాన్ని ఒక్కో అధ్యక్షుడు ఒక్కో తీరుగా పరీక్షించాడు. 1981లో రొనాల్డ్ రీగన్ పదవిలోకి వస్తూనే కార్టర్ కాలపు ఇన్‌స్పెక్టర్ జనరళ్లందరినీ తప్పించి, విమర్శలు వచ్చాక కొందరిని మళ్లీ తీసుకున్నారు. 2008లో కాంగ్రెసు చట్టాన్ని సవరించి, తొలగింపునకు 30 రోజుల ముందే రాతపూర్వకంగా కారణం తెలపాలంది. మరుసటి ఏడాదే బరాక్ ఒబామా జాతీయ, సామాజిక సేవా కార్పొరేషన్ ఇన్‌స్పెక్టర్ జనరల్ జెరాల్డ్ వాల్పిన్‌ను పక్కనపెట్టి, ఆయన మీద తనకు పూర్తి విశ్వాసం లేదని ఒక వాక్యం రాశారు. రిపబ్లికన్ సెనెటర్ చార్లెస్ గ్రాస్లీ అడిగాక మరికొన్ని వివరాలు వచ్చాయి. వాల్పిన్ కోర్టుకెళ్తే, చట్టం కోరిన కనీస షరతు తీరిందని వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు 2011లో తేల్చింది. విశ్వాసం లేకపోవడమే చాలినంత కారణమన్నది అప్పటి నుంచి సిద్ధంగా ఉన్న సూత్రం. 2020 ఏప్రిల్‌లో ఇంటెలిజెన్స్ విభాగాల ఇన్‌స్పెక్టర్ జనరల్ మైకేల్ అట్కిన్సన్‌ను, మే నెలలో విదేశాంగ శాఖకు చెందిన స్టీవ్ లినిక్‌ను తప్పిస్తూ ట్రంప్ దాదాపు అదే మాట వాడారు. ఉక్రెయిన్ వ్యవహారంపై విజిల్‌బ్లోయర్ ఫిర్యాదును కాంగ్రెసు దృష్టికి తేవడానికి పూనుకున్న అధికారి అట్కిన్సన్. ఆ ఫిర్యాదే మొదటి అభిశంసనకు దారి తీసింది. ఒబామా తయారుచేసిన తాళంచెవితో ట్రంప్ తలుపు తీశారంటే డెమొక్రాట్లకు రుచించకపోవచ్చు, కానీ జరిగింది అదే.

అందుకే 2022 డిసెంబరులో రక్షణ వ్యయ చట్టంలో భాగంగా కాంగ్రెసు మరో సవరణ తెచ్చింది. తొలగింపునకు గల గట్టి హేతువును, ఆ వ్యక్తికి సంబంధించిన వివరమైన, నిర్దిష్టమైన కారణాలతో, 30 రోజుల ముందు సభలకు తెలపాలన్నది దాని సారం. 2025 నాటి రెండు వాక్యాల ఈమెయిళ్లను ఈ కొలతకు పెట్టి చూస్తే వివాదానికి చోటే లేదు. నోటీసు ఇవ్వలేదు, కారణం ఏ ఒక్కరికీ ప్రత్యేకమైనది కాదు. పదవులు పోయినవారిలో ఎనిమిది మంది కోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 24న జిల్లా న్యాయమూర్తి అనా రేయెస్ ఆ తొలగింపులు చట్టవిరుద్ధమని స్పష్టంగా ప్రకటించారు. వారిని తిరిగి కూర్చోబెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. పదవిలోకి తెచ్చినా అధ్యక్షుడు 30 రోజుల నోటీసిచ్చి, కారణాలు రాసి మళ్లీ పంపించవచ్చు గనుక పూడ్చలేని నష్టం రుజువు కాలేదన్నారు. ఈ తర్కం నిరాశపరిచేదే అయినా తప్పని చెప్పలేం. పదవి పోయినవారికి అమెరికా కోర్టులు పదవి కన్నా జీతం ఇప్పించడానికే అలవాటుపడ్డాయి. అధ్యక్షుడి తొలగింపు అధికారంపై పునాదులైన రెండు తీర్పులూ, 1926 నాటి మైయర్స్, 1935 నాటి హంఫ్రీ, బకాయి జీతం కోసం వేసిన దావాలే. తీర్పులు వచ్చేసరికి పోస్ట్‌మాస్టర్ మైయర్స్ గానీ, వాణిజ్య కమిషన్ సభ్యుడు హంఫ్రీ గానీ బతికి లేరు.

ఇక్కడ వినవలసిన బలమైన అభ్యంతరం ఒకటుంది. రాజ్యాంగం రెండో అధికరణం కార్యనిర్వాహక అధికారాన్ని ఒక్క అధ్యక్షుడికే అప్పగించింది. ఓటర్లు నిలదీయగలిగేది ఆయనొక్కడినే. కాబట్టి కింది అధికారి ఎవరైనా ఆయన తొలగించగలిగినవాడై ఉండాలన్నది ఆ వాదన. సుప్రీంకోర్టు 2020లో సీలా లా తీర్పుతో ఈ దారిలో చాలా దూరం వచ్చింది, అధ్యక్షుడి తొలగింపు అధికారానికి హద్దు పెట్టిన హంఫ్రీ తీర్పు నిలవాలా అన్న ప్రశ్నపై 2025 డిసెంబరులో వాదనలు విన్నది. ఈ వాదనను కొట్టిపారేయనవసరం లేదు. జవాబుదారీతనం అనే విలువనే అదీ ఆధారం చేసుకుంటోంది. అయితే ఇన్‌స్పెక్టర్ జనరల్ విషయంలో దానికి రెండు చిక్కులున్నాయి. ఆయన విధానాన్ని నిర్ణయించడు, ఎవరిపైనా అభియోగం మోపడు, శాఖాధిపతిని ఏ పనికీ బలవంతపెట్టలేడు. చూస్తాడు, రాస్తాడు, సిఫారసు చేస్తాడు. సీలా లా తీర్పు కూడా పరిమిత విధులుండి విధాన నిర్ణయం చేయని కింది స్థాయి అధికారులకు మినహాయింపును మిగిల్చింది. ఇన్‌స్పెక్టర్ జనరళ్లు ఆ కోవలోకి వస్తారా అన్నది తేలవలసిన ప్రశ్న. రెండో చిక్కు మరింత మౌలికమైనది. 2022 చట్టం తొలగింపును నిషేధించడం లేదు. అధ్యక్షుడు ప్రజలకు జవాబుదారీ అయితే, తన చర్యకు కారణం ప్రజాప్రతినిధులకు చెప్పమనడం ఆ జవాబుదారీతనాన్ని తగ్గిస్తుందా? కారణం చెప్పకుండా చేసే హక్కే కార్యనిర్వాహక అధికారమనుకుంటే తప్ప ఆ వాదన ఇక్కడ నిలవదు.

ఇన్‌స్పెక్టర్ జనరళ్లు అసలు తటస్థులేనా, వారు పాతుకుపోయిన ప్రతిపక్షం కారా అన్నది మరో అభ్యంతరం. ఆధారాలు అటు మొగ్గడం లేదు. న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ మైకేల్ హొరోవిట్జ్ 2019 నివేదికలో, ట్రంప్ ప్రచార బృందం మాజీ సలహాదారు కార్టర్ పేజ్‌పై నిఘా కోసం ఎఫ్‌బీఐ వేసిన దరఖాస్తుల్లో 17 ముఖ్యమైన పొరపాట్లు, విడిచిపెట్టిన వివరాలు ఉన్నట్టు చూపారు. ట్రంప్ వర్గం ఇప్పటికీ ఉటంకించే పత్రమది. అలాగని ఈ వ్యవస్థను దేవాలయంలా చూపనవసరమూ లేదు. హోమ్‌లాండ్ సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ జోసెఫ్ కఫారీ తీవ్రమైన దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని ఇన్‌స్పెక్టర్ జనరళ్ల సొంత మండలికి చెందిన కమిటీ 2024లో తేల్చింది; ఆయన వర్గం దాన్ని ఖండించింది. బైడెన్ ఆయనను తొలగించలేదు, జనవరి 24 జాబితాలోనూ ఆయన లేరు. ఖాళీల సంగతి ఇంకా అన్యాయం. ఒబామా మొదటి పదవీకాలమంతా విదేశాంగ శాఖకు సెనెట్ ఆమోదం పొందిన ఇన్‌స్పెక్టర్ జనరల్ లేడు. రక్షణ శాఖలో 2016 జనవరిలో ఖాళీ అయిన కుర్చీ 2022 చివరిదాకా నిండలేదు. ప్రపంచంలోనే పెద్ద సైనిక బడ్జెట్‌కు ఆరేళ్లకు పైగా ఇన్‌చార్జి తనిఖీదార్లే దిక్కు. తనిఖీ అధికారం మీద మమకారం ఏ పార్టీకైనా ఎదుటివాళ్లు గద్దెనెక్కినప్పుడే పుట్టుకొస్తోంది.

కార్యాలయాలు మూతపడలేదు కదా, డిప్యూటీలు పని నడుపుతున్నారు కదా అన్నవారూ ఉన్నారు. అది కొంతవరకు నిజం. ఇన్‌చార్జి పదవిలోకి బయటి రాజకీయ నియామకాలు రాకుండా 2022 చట్టమే ఆంక్ష పెట్టింది. ఆడిటర్లు వేల సంఖ్యలో కుర్చీల్లోనే ఉన్నారు. కానీ ఏ ఫైలు ముందు తెరవాలో నిర్ణయించేది అధిపతి. 2025 ఫిబ్రవరి 10న విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ కార్యాలయం ఒక నివేదిక విడుదల చేసింది. సిబ్బందిని ఇళ్లకు పంపి, నిధులు ఆపేయడం వల్ల 820 కోట్ల డాలర్ల మానవతా సహాయంపై నిఘా దెబ్బతిన్నదని, 48.9 కోట్ల డాలర్ల ఆహార సహాయం ఓడరేవుల్లో, దారుల్లో, గోదాముల్లో పాడయ్యే ప్రమాదంలో ఉందని అందులో ఉంది. మరునాడే మార్టిన్‌కు ఉద్వాసన ఈమెయిల్ వచ్చింది. ఆ రెండింటికీ సంబంధం ఉందో లేదో చెప్పే కారణ పత్రం లేదు. ఆ పత్రం ఉండి తీరాలన్నదే చట్టం. కుర్చీలో మిగిలినవారు ఆ తేదీలను చూసే ఉంటారు. రాయకుండా ఆగిపోయిన నివేదికకు సాక్ష్యం దొరకదు, అందుకే ఈ నష్టాన్ని లెక్కగట్టమని అడగడం సులువు. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవికి 2024లో ఓడిపోయిన రిపబ్లికన్ కాంగ్రెసు సభ్యుడు ఆంథొనీ డెస్పొజిటోను నామినేట్ చేయడం, రాజకీయ అనుబంధంతో నిమిత్తం లేని ఎంపిక అన్న చట్ట వాక్యానికి ఇప్పుడు ఎంత విలువ మిగిలిందో తెలుపుతుంది. ఇదంతా వృథా వ్యయాన్ని ఏరిపారేస్తామని డోజ్ (ప్రభుత్వ సామర్థ్య విభాగం) పేరుతో హడావుడి సాగుతున్న నెలల్లోనే మొదలైంది. 2023 ఆర్థిక సంవత్సరానికి ఇన్‌స్పెక్టర్ జనరళ్లు గుర్తించిన పొదుపు అవకాశం 9,300 కోట్ల డాలర్లని వారి మండలి ప్రకటించింది. అవకాశం వేరు, ఖజానాకు చేరిన సొమ్ము వేరు కాబట్టి ఆ అంకెను సగానికి కోసి చూసినా, వృథాను వెతికేవారిని పంపించి వృథాపై యుద్ధం ప్రకటించడం వింతగానే ఉంటుంది.

మరి కాంగ్రెసు ఏం చేసింది? గ్రాస్లీ, డెమొక్రాట్ డిక్ డర్బిన్ జనవరి 28న ఉమ్మడిగా అధ్యక్షుడికి లేఖ రాసి, చట్టం కోరిన కారణాలు చెప్పమన్నారు. 2009లో ఒబామానూ ప్రశ్నించిన గ్రాస్లీకి ఈ విషయంలో పార్టీ భేదం లేదనడానికి అది చాలు. దక్షిణ కరొలైనా సెనెటర్ లిండ్సే గ్రాహమ్ మాత్రం ఒక టీవీ కార్యక్రమంలో, సాంకేతికంగా ఉల్లంఘన జరిగిందని ఒప్పుకుంటూనే, అధ్యక్షుడికి ఆ అధికారం ఉందని, తానేమీ బెంగపడటం లేదని అన్నారు. మెజారిటీ పక్షం నడవడి రెండో మాటకే దగ్గరగా ఉంది. లేఖకు తృప్తికరమైన జవాబు రానప్పుడు సభ చేతిలో సాధనాలు లేకపోలేదు. కారణ పత్రం వచ్చేదాకా ఆ శాఖల నామినేషన్లను ఆపవచ్చు, అధ్యక్ష భవన కార్యాలయాల కేటాయింపులకు షరతు పెట్టవచ్చు, తొలగించినవారిని పిలిచి ప్రమాణపూర్వకంగా వాంగ్మూలం తీసుకోవచ్చు. వీటిలో దేనికీ రెండో అధికరణం అడ్డురాదు, ఏ కోర్టు అనుమతీ అక్కరలేదు. పదవీ భద్రతను మరింత బిగించే కొత్త చట్టం కోసం పోరాడటం కన్నా ఇది మేలైన దారి. అలాంటి చట్టం ఇప్పటి సుప్రీంకోర్టు ముందు నిలవడం అనుమానమే. నిలిచినా, అడిగే నాథుడు లేకపోతే అదీ 2022 సవరణ బాటే పడుతుంది.

కార్యనిర్వాహక శాఖ గడప దాటి కాంగ్రెసు తన పక్షాన పెట్టుకున్న తనిఖీ సంస్థ ఒకటుంది. మన కాగ్‌కు దగ్గరి పోలిక ఉన్న ఈ ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయాన్ని 1921లో నెలకొల్పారు. దాని అధిపతి కంప్ట్రోలర్ జనరల్ పదవీకాలం పదిహేనేళ్లు. తొలగించాలంటే అభిశంసన గానీ, ఉభయ సభల ఉమ్మడి తీర్మానం గానీ కావాలి. కాంగ్రెసు కేటాయించిన నిధులను నిలిపేసినందుకు 1974 నాటి చట్టాన్ని ప్రభుత్వం ఉల్లంఘించిందని 2025లో ఈ సంస్థ ఒకటి కన్నా ఎక్కువ నిర్ణయాలు వెలువరించింది. వాటి మీద కూడా సభలు పెద్దగా కదలలేదు, కానీ నిర్ణయాలు రాసిన చేతిని ఒక ఈమెయిల్ ఆపలేకపోయింది. కంప్ట్రోలర్ జనరల్ జీన్ డొడారో పదవీకాలం 2025 డిసెంబరులో ముగిసింది. వారసుడిని నామినేట్ చేసేది అధ్యక్షుడే, అయితే పేర్లను సిఫారసు చేసే కమిషన్‌లో ఉండేది ఉభయ సభల నాయకులు. ఆ జాబితాలో ఎవరి పేర్లు రాయాలో, జాబితాలో లేని పేరు అధ్యక్ష భవనం నుంచి వస్తే సెనెట్ ఏం చేయాలో కాంగ్రెసే తేల్చుకోవాలి.