పగలని గడియారం, పగిలే అంకెలు

కొండలెక్కడానికో, పొద్దున్నే పరిగెత్తడానికో పనికొచ్చే గట్టి స్మార్ట్‌వాచ్ ఒకటి కొందామని వెతకడం మొదలుపెడితే, ముందు అంకెల వరస ఎదురవుతుంది. 5 ఏటీఎం, మిల్-ఎస్‌టీడీ-810, జీపీఎస్, గుండె వేగం, రోజుకి 10,000 అడుగులు. ఏది ఎక్కువ ఉంటే అదే మంచిదనుకుని, జేబు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకు వెళ్లి కొనేస్తాం. కానీ వీటిలో ప్రతిదానికీ ఒక పుట్టిన ఊరు, పుట్టిన ఏడు ఉన్నాయి. కొన్ని యుద్ధాల్లోంచి వచ్చాయి. ఒకటైతే ఒక వస్తువుకి పెట్టిన పేరులోంచి పుట్టింది. ఆ పుట్టుక తెలిస్తే దేన్ని ఎంత నమ్మాలో కొంచెం తేలుతుంది.

ఈ చరిత్రలో రెండు పాయలున్నాయి. గడియారం దెబ్బలకి ఓర్చుకోవడం నేర్చుకున్న కథ ఒకటి. అదే గడియారం మన ఒంటిని కొలవడం నేర్చుకున్న కథ ఇంకొకటి. మొదటిదాన్ని మనుషులు విసిరికొట్టి, నీళ్లలో ముంచి, మేడ మీంచి కింద పడేసి మరీ పరీక్షించారు. రెండోదాని మీద అంత శ్రద్ధ పెట్టలేదు. పెట్టె మీద మాత్రం రెండూ ఒకే అక్షరాల్లో, ఒకే ధీమాతో అచ్చవుతాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా యూరప్ మగవాళ్ల గడియారం గొలుసుకి వేలాడుతూ కోటు జేబులో ఉండేది. మణికట్టుకి కట్టుకునేది ఆడవాళ్ల నగల్లో లెక్క. మగవాడు కట్టుకుంటే నవ్వేవారు. ఆ నవ్వుని యుద్ధాలు ఆపేశాయి. 1899లో మొదలైన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ ఆఫీసర్లు జేబు గడియారాన్ని తోలు పట్టీలో ఇరికించి చేతికి కట్టుకున్నారు. గుర్రం మీద కూచుని, చేతిలో తుపాకీ పెట్టుకుని జేబు తడుముకోవడం కుదరదు కదా. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఇది ప్రాణాల లెక్కయింది. ఫిరంగి గుండ్లు నిమిషాల లెక్కన ముందుకి జరుగుతూ పడుతుంటే, వాటి వెనకాలే కాల్బలం నడవాలి. టైము తప్పితే సొంత గుండ్లే మీద పడతాయి. అందుకని అద్దం పగలకుండా పైన లోహపు జాలీ బిగించారు. చీకటి కందకంలోనూ ముళ్లు కనబడాలని రేడియం కలిసిన రంగు పూశారు.

ఆ రంగు పూసినవాళ్లు ఎక్కువగా టీనేజీ, ఇరవయ్యేళ్ల అమ్మాయిలు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ అనే ఊళ్లో 1917 నుంచి ఈ పని సాగింది. గీత సన్నగా రావాలంటే కుంచె మొనని పెదాల మధ్య పెట్టి తీర్చుకోమని వాళ్లకి నేర్పారు. అలా రోజూ కొంచెం కొంచెం రేడియం మింగారు. పళ్లు ఊడాయి, దవడ ఎముకలు కుళ్లాయి. గ్రేస్ ఫ్రయర్‌తో కలిసి ఐదుగురు 1927లో కోర్టుకెక్కితే, 1928లో కంపెనీ రాజీకొచ్చింది. గడియారం కట్టుకునే సైనికుడి అవసరం అందరికీ తెలుసు. దాన్ని తయారుచేసే ఒంటికి ఏమవుతోందో కొలవాలని చాలాకాలం ఎవరికీ తోచలేదు.

గట్టి గడియారం సైన్యం దాటి బజారుకొచ్చింది ఒక ఈతగత్తె వల్ల. మెర్సిడీస్ గ్లైట్జ్ 1927 అక్టోబర్ 7న ఇంగ్లిష్ చానెల్‌ని ఈదింది. అలా ఈదిన మొదటి బ్రిటిష్ మహిళ ఆమే. అయితే కొద్ది రోజులకే ఇంకొకామె తానూ ఈదానని బూటకపు ప్రకటన చేసి దొరికిపోయింది. దాంతో గ్లైట్జ్ మాటనీ జనం అనుమానించారు. నిరూపించుకోవడానికి ఆమె అక్టోబర్ 21న మళ్లీ నీళ్లలో దిగింది. రోలెక్స్ అధిపతి హాన్స్ విల్స్‌డార్ఫ్ తమ కొత్త 'ఆయిస్టర్' వాచీని ఆమెకిచ్చాడు. దాన్ని మెడలో వేలాడదీసుకుని ఈదింది. నీళ్లు భయంకరమైన చలి. పది గంటలకి పైగా ఈదాక ఇక సాగలేదు, పడవలోకి తీశారు. వాచీ మాత్రం ఆడుతూనే ఉంది. నవంబర్ 24న 'డైలీ మెయిల్' పత్రిక మొదటి పేజీ నిండా రోలెక్స్ ప్రకటన వచ్చింది.

మనిషి ఆగిపోయింది, గడియారం ఆగలేదు. ఈనాటికీ గట్టి వాచీల ప్రకటనలన్నీ ఈ వాక్యాన్నే తిప్పి తిప్పి చెబుతాయి. కొండ అంచున మనిషి చిన్నగా ఉంటాడు, వాచీ పెద్దగా ఉంటుంది.

మన దేశానికీ ఇందులో ఓ పాత్ర ఉంది. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ ఆఫీసర్ల వాచీ అద్దాలు ఆటలో పగిలిపోతున్నాయని, అద్దం లోపలివైపుకి తిరిగేలా 1931లో 'రివర్సో' అనే వాచీ తయారుచేశామని స్విట్జర్లాండ్ కంపెనీ జేజర్-లకూల్ట్ర్ చెప్పుకుంటుంది. అది దొరల సంగతి. మన ఇళ్లల్లో గట్టి వాచీ అంటే అర్థం వేరు. 1961లో జపాన్ కంపెనీ సిటిజన్ సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. 1980ల్లో సీకో సాయంతో హైదరాబాద్ ఆల్విన్ కూడా చేసింది. పెళ్లిలో అల్లుడి చేతికెక్కిన హెచ్‌ఎంటీ జనతా, ఆయన రిటైరయ్యేదాకా ఆడితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది దెబ్బ తగలనిదేం కాదు. దెబ్బ తగిలితే బస్టాండు పక్కన చిన్న అద్దాల పెట్టె ముందు, కంటికి భూతద్దం పెట్టుకుని కూచున్నాయన విప్పి బాగుచేసేవాడు. విప్పడానికి వీలవడమే దాని గట్టిదనం.

విప్పాల్సిన పనే రాకూడదన్న ఆలోచన జపాన్‌లో పుట్టింది. కాసియో ఇంజనీరు కికువో ఇబేకి వాళ్ల నాన్న ఇచ్చిన వాచీ ఒకరోజు కిందపడి ముక్కలైంది. 1981లో ఆయన పడినా పగలని వాచీ చేస్తానని కంపెనీకి రాసిచ్చాడు. 10 మీటర్ల ఎత్తునుంచి పడినా, 10 బార్ల నీటి ఒత్తిడికైనా తట్టుకోవాలి, బ్యాటరీ 10 ఏళ్లు రావాలి. ఇదీ లక్ష్యం. మూడో అంతస్తు బాత్రూం కిటికీలోంచి నమూనాలు కిందికి విసరడం, పరుగున వెళ్లి ఏం పగిలిందో చూడటం, ఇదే పని. ఒక భాగాన్ని గట్టిచేస్తే ఇంకో భాగం పగిలేది. దాదాపు 200 నమూనాలు పోయాయి. చివరికి పార్కులో ఓ పాప బంతి కొడుతుంటే చూసి, బంతి నడిమధ్యకి దెబ్బ చేరదు కదా అని ఇబేకి తట్టింది. లోపలి యంత్రాన్ని కొన్ని బిందువుల దగ్గర మాత్రమే ఆనేలా తేలగట్టారు. 1983లో మొదటి జీ-షాక్ వచ్చింది. ఇవాళ మనం రగ్డ్ అంటున్న ప్రతి వాచీ వెనకా ఆ కిటికీ ఉంది.

ఇక రెండో పాయ. గడియారం మన ఒంటి వైపు తిరిగిన కథ.

1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. 1965లో యమాసా అనే గడియారాల కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటర్ ఒకటి అమ్మింది. పేరు 'మాన్‌పో-కే', అంటే పదివేల అడుగుల మీటర్. గుండ్రంగా, గుర్తుండేలా ఉన్న ఆ సంఖ్య అర్ధ శతాబ్దం దాటాక మన మణికట్టు మీద డాక్టరు సలహాలా మెరుస్తోంది. 2019లో అమెరికాలో 16,741 మంది స్త్రీల మీద, వాళ్ల సగటు వయసు 72, ఒక అధ్యయనం వచ్చింది. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. పదివేలు నడవడంలో తప్పేం లేదు. తొమ్మిదివేల దగ్గర ఆగిన రోజున ఓడిపోయామని అనుకోవడంలోనే ఉంది తప్పంతా.

గుండె లెక్క ఫిన్లాండ్‌లో మొదలైంది. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల నాడి కొలవడం ఎలా అన్న ఒక కోచ్ ప్రశ్న నుంచి సెప్పో సైనయాకంగాస్ అనే ఇంజనీరు 1977లో పోలార్ కంపెనీ పెట్టాడు. 1982లో ఛాతీకి కట్టిన పట్టీ నుంచి మణికట్టు మీదికి వైరు లేకుండా గుండె వేగం పంపే పరికరం తెచ్చాడు. ఆ పట్టీ గుండె విద్యుత్తుని నేరుగా పట్టుకుంటుంది. ఇప్పటి స్మార్ట్‌వాచ్ అలా చెయ్యదు. చర్మంలోకి ఆకుపచ్చ వెలుతురు పంపి, రక్తం ఎంత పీల్చుకుందో చూసి అంచనా వేస్తుంది. పట్టీ వదులైనా, చెయ్యి అదేపనిగా ఊగినా, బరువులెత్తేటప్పుడు మణికట్టు బిగిసినా ఆ అంచనా తప్పుతుంది. చర్మపు రంగుకీ ఇందులో పాత్ర ఉంది, మెలనిన్ కూడా వెలుతురుని పీల్చుకుంటుంది కాబట్టి. ఆసుపత్రుల్లో వాడే ఆక్సిమీటర్లు నల్లజాతి రోగుల్లో ప్రమాదకరంగా పడిపోయిన ఆక్సిజన్‌ని, తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పసిగట్టలేకపోయాయని 2020లో అమెరికాలో తేలింది. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ ఆక్సిమీటర్ కొన్న మనకి ఇది దూరపు సంగతేం కాదు.

వచ్చిన వేగాన్ని వాచీ 'జోన్ 2', 'జోన్ 4' అని విడగొడుతుంది కదా, దానికి చాలాచోట్ల ఆధారం 220లోంచి వయసు తీసేసే సూత్రం. 1970ల మొదట్లో ఫాక్స్, హాస్కెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు అప్పటికున్న కొన్ని అధ్యయనాలని గ్రాఫు మీద పెట్టి గీసిన ఉజ్జాయింపు గీత అది. 2001లో తనాకా బృందం ఇంకా పెద్ద లెక్కతో 208లోంచి వయసులో 0.7 వంతు తీసేయాలంది. అరవయ్యేళ్ల మనిషికి మొదటి సూత్రం 160 ఇస్తే, రెండోది 166 ఇస్తుంది. ఒకే వయసువాళ్లలో మనిషికీ మనిషికీ ఉండే తేడా దీనికంటే ఎక్కువ. కేలరీల సంగతి మరీ అన్యాయం. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు పరికరాలని 60 మంది చేతులకి కట్టి చూశారు. ఆరింటిలో గుండె వేగం ఐదు శాతం లోపు తేడాతో సరిపోయింది. కేలరీల్లో మాత్రం అన్నిటికంటే మెరుగైన పరికరమే సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. రాత్రి ఇంకో దోశ వేసుకోవచ్చా అన్నది ఆ అంకెని అడిగి తేల్చుకోకపోవడం మేలు.

జీపీఎస్ దగ్గర రెండు పాయలూ కలుస్తాయి. అదీ అమెరికా సైన్యం సొత్తే. 1983లో దారితప్పిన కొరియా విమానాన్ని సోవియట్ సేనలు కూల్చేసి 269 మంది చనిపోయాక, దీన్ని పౌరులకీ ఇస్తామని రీగన్ ప్రభుత్వం చెప్పింది. ఇచ్చినా, సంకేతాల్లో కావాలని కొంత తప్పు కలిపేవారు. 2000 మే నెలలో ఆ తప్పు కలపడం ఆపారు. మూడేళ్లకి, 2003లో, గార్మిన్ పరుగుల వాచీ ఫోర్‌రన్నర్ వచ్చింది. 2018 జనవరిలో కథ అడ్డం తిరిగింది. స్ట్రావా సంస్థ తన వాడకందార్ల పరుగుదారులన్నీ కలిపి విడుదల చేసిన ప్రపంచ పటంలో, సిరియా, అఫ్గానిస్తాన్‌లలోని సైనిక స్థావరాల గీతలు వెలుగుతున్నాయని ఒక ఆస్ట్రేలియా విద్యార్థి బయటపెట్టాడు. జాగింగ్ చేసిన సైనికులే గీసిచ్చిన పటమది. సైనికుడి కోసం మణికట్టుకెక్కిన వస్తువు సైనికుడి గుట్టే విప్పింది. మన ఇంటి గుమ్మం నుంచి మొదలై గుమ్మం దగ్గర ఆగే పొద్దుటి పరుగుగీత కూడా అలాంటిదే. అది ఎవరికి కనబడాలో సెట్టింగుల్లోకి వెళ్లి మనమే చెప్పాలి.

మరి ఏం చూసి కొనాలి? మిల్-ఎస్‌టీడీ-810 అనేది 1962 నుంచి ఉన్న అమెరికా సైనిక పరీక్షల పుస్తకం. వేడి, చలి, దుమ్ము, అదురు, ఎత్తు, ఇలా అందులో పరీక్షలు చాలా ఉన్నాయి. వాచీలకి ఆ ముద్ర వేసే సర్కారు ఆఫీసేదీ లేదు. కంపెనీ తనకి నచ్చిన పరీక్షలు చేసుకుని ఆ పేరు రాసుకోవచ్చు. కాబట్టి ఏయే పరీక్షలు చేశారో విడివిడిగా చెప్పిన కంపెనీని నమ్మండి. 5 ఏటీఎం అంటే కదలని నీళ్లలో 50 మీటర్ల లోతు ఒత్తిడి. ఈతకి సరిపోతుంది, స్కూబా డైవింగ్‌కి కాదు. లోపలి రబ్బరు రింగులు ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతాయి. వేన్నీళ్లు, సబ్బు ఆ పనిని ఇంకా తొందరచేస్తాయి. బ్యాటరీ విషయంలో, జీపీఎస్ ఆన్‌లో ఉంటే ఎన్ని గంటలొస్తుందో అడగండి. పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే రోజుల లెక్క మామూలుగా జీపీఎస్ ఆపి ఉంచినప్పటిది.

సర్వర్ సంగతీ ఆలోచించాలి. 2020 జులైలో గార్మిన్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు, లక్షణమైన వాచీలు చేతికి ఉండి కూడా, జనం తమ పరుగుల లెక్కలు యాప్‌లోకి ఎక్కించుకోలేక రోజుల తరబడి ఎదురుచూశారు. కేసుకి గీత కూడా పడలేదు. ఇంటర్నెట్ లేకుండా ఎంత పని చేస్తుంది, బ్యాటరీ మార్చడానికి వీలుందా, సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్లిస్తారు. జనతా వాచీ కొన్నవాళ్లకి అక్కర్లేకపోయిన ఈ మూడు ప్రశ్నలు మనకి తప్పవు.

కొన్నాక ఇబే చేసినట్టు మనమూ కిటికీ తెరవొచ్చు, అంకెల్ని విసరడానికి. స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ లోపలి వరసలో పది రౌండ్లు కొట్టి, వాచీ 4 కిలోమీటర్లకి ఎంత దగ్గరగా చూపిందో చూడండి. పరుగు ఆపగానే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. రెండు వారాల్లో మీ వాచీ ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ ఊహిస్తుందో తెలిసిపోతుంది. ఎండలో తల తిరుగుతున్నప్పుడు, మోకాలు కలుక్కుమన్నప్పుడు స్క్రీన్ ఇంకా పచ్చగానే ఉన్నా పరుగు ఆపేయండి. చలి ఇక ఓర్చుకోలేనిదయ్యాక గ్లైట్జ్‌ని పడవలోకి తీశారు, మెడలో వాచీ ఇంకా ఆడుతుండగానే. తర్వాతి ఏడాది ఆమె జిబ్రాల్టర్ జలసంధిని ఈదింది. అలా ఈదిన మొదటి మనిషి ఆమే.