వరసకి పేరుంది

అమెరికన్ పియానిస్టు స్కాట్ బ్రాడ్లీ 2011లో 'పోస్ట్‌మోడర్న్ జ్యూక్‌బాక్స్' మొదలుపెట్టాడు. ఇవాళ్టి పాప్ పాటల్ని 1920ల జాజ్ లాంటి పాత బాణీల్లోకి మారుస్తాడు. మా అమ్మాయి వినిపిస్తే నాకు పర్చూరులో మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

1951లో 'మల్లీశ్వరి' వచ్చింది. సాలూరి రాజేశ్వరరావు కట్టిన వరసని పెద్దమ్మ మంగళహారతిలోకి దించింది. భానుమతి గమకాలు పదిమంది ఆడవాళ్ళ గొంతులకి అందవు కదా! వాటిని తీసేసి, నడక తగ్గించి, పల్లవి చివర 'మంగళం' చేర్చింది. బ్రాడ్లీ మాటల జోలికి పోడు, ఈవిడ మాటలూ మార్చింది. పెళ్ళికూతురికి హారతిస్తూ అత్తింటి చాకిరీ మీద రెండు చరణాలు నవ్వుతూ కలిపేసేది. పురోహితుడికి మాత్రం అది హారతే.

ఆడవాళ్ళ పాటల పుస్తకాల్లో పాట పైన 'ఫలానా సినిమా పాట వరస' అని ఉంటుంది. పెద్దమ్మ నోటుబుక్కులోనూ అంతే. సినిమా పేరుంది, పాట కట్టినామె పేరు లేదు. నేను పెన్సిలుతో పెద్దమ్మ పేరు రాశాను.

ఆమెతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ పాడినవాళ్ళలో ఇద్దరే మిగిలారు. నోటుబుక్కు పట్టుకెళ్ళాను. చాకిరీ చరణం మీద వేలుపెట్టి, "ఇది నాదే అమ్మాయ్" అంది ఒకావిడ.